నిండు మడ్‌గార్డులు, రేగడి బురద: ఒక కర్నూలు సైకిల్ డైరీ

తొలకరి పడ్డ వారం

ఆఫీసు సైకిల్‌కి ఈసారి నిండు మడ్‌గార్డులు బిగించాలని నిర్ణయం. నిండు అంటే టైరును ముందు నుంచి వెనక దాకా కప్పే పొడవాటివి, పాత నల్ల సైకిళ్ళకి ఉండేలాంటివి. ఈ కాలపు హైబ్రిడ్ సైకిళ్ళు చాలావరకు మడ్‌గార్డులు లేకుండానే వస్తాయి. అడిగితే సీటు గొట్టానికి తగిలించే పొట్టి ప్లాస్టిక్ ముక్క ఒకటి చేతిలో పెడతారు. నిరుడంతా దాంతోనే నెట్టుకొచ్చాను. చొక్కా వీపు మీద పడే నల్ల చార తగ్గింది, అంతకు మించి ఒరిగిందేమీ లేదు.

నా దారి కల్లూరు నుంచి హంద్రీ వంతెన దాటి, రాజ్ విహార్ మీదుగా సి.క్యాంపు దాకా. దూరం పెద్దగా లేదు గానీ, వాన పడితే ఆ దారిలో అన్ని రకాల నీళ్ళూ తగులుతాయి. సిమెంటు రోడ్డు మీద పలచటి నీటి పొర, కాలువ పొంగిన చోట మురుగు, పైపులైను కోసం తవ్వి పూడ్చిన చోట నల్లమట్టి. ఆఫీసు ముందు దిగేసరికి చెప్పులు, ప్యాంటు అంచులు, చైను అన్నీ ఒకే రంగులో ఉంటాయి.

ఇందులో ముందు చక్రానిదే పెద్ద వాటా. అందరూ వీపు మీద చార చూసి వెనక చక్రాన్ని తిడతారు. టైరు నేల మీది నీళ్ళను ఎత్తుకుని వెనక వైపు నుంచి పైకి లేస్తుంది. నేలను వదిలిన వెంటనే జారిన నీళ్ళు వెనక్కి, అంటే సరిగ్గా పాదాల మీదికీ పెడల్ ఇరుసు మీదికీ కొడతాయి. ఇంకొంచెం పైన జారినవి ఫ్రేము గొట్టానికి తగులుతాయి. చక్రం తలమీద జారినవి ముందుకు ఎగురుతాయి, ఎదురుగాలి ఉంటే అవే తిరిగి మొహానికి వస్తాయి. చైనుకి ఇసుక పట్టేది కూడా చాలావరకు ఈ ముందు చక్రం చలవే. కాబట్టి ముందు గార్డు వెనక కొస ఎంత కిందికి దిగితే పాదాలకూ చైనుకూ అంత మేలు. పొట్టి గార్డులతో ఈ పని జరగదు.

సామాను

టైరు పక్కన 35-622 అని అచ్చు ఉంది. 35 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 622 రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోట వ్యాసం. దీన్నే 700 సి అంటారు. గార్డు టైరు కంటే ఎనిమిది, పది మిల్లీమీటర్లు వెడల్పుండాలి, రెండు పక్కలా కాస్త అంచు దిగాలి కదా. అందుకని 45 మి.మీ. వెడల్పు ప్లాస్టిక్ సెట్టు తెప్పించాను, గార్డుని చక్రం పక్కన పట్టి ఉంచే స్టీలు కడ్డీలతో సహా.

అది వచ్చేలోపు వన్ టౌన్‌లో ఒక పాత సైకిల్ షాపుకి వెళ్ళి ఇనుప గార్డులు కూడా చూశాను. అక్కడ చాచా పంచర్ వేస్తూనే నా సైకిల్‌ని కింద నుంచి పైదాకా చూశాడు. "ఇనుపది పెట్టుకో సార్, ఇంకో ఇరవై ఏండ్లు చూసే పని ఉండదు. ప్లాస్టిక్ మన ఎండకి యాడ ఆగుతాది?" అన్నాడు.

ఆయన మాటలో నిజముంది. మే నెలలో 42, 43 డిగ్రీలు చూసే ఊరు ఇది. ఇనుప గార్డు కొట్టి సరిచేసుకోవచ్చు, తుప్పు పడితే రంగు వేసుకోవచ్చు, ధర కూడా తక్కువే. కానీ అవి 28 అంగుళాల నల్ల సైకిల్‌వి. దాని రిమ్ము కొలత 635, నాది 622. వ్యాసంలో 13 మి.మీ. తేడా అంటే వంపులో ఆరున్నర మిల్లీమీటర్లే, అది సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది కడ్డీల దగ్గర వచ్చింది. ఆ కడ్డీల కొసలు చక్రం ఇరుసు మీద నట్టు కింద బిగించే రకం. నా చక్రాలు క్విక్ రిలీజ్‌వి, అంటే పానా లేకుండా లీవరు తిప్పి ఊడదీసేవి, ఇరుసుకి బయట నట్టు బిగించే చోటే లేదు. కడ్డీలు మార్చి వేరేవి వెల్డింగ్ చేయించే ఓపిక ఉన్నవాళ్ళకి ఇప్పటికీ ఇనుపదే మంచిదంటాను.

"సరే సార్, ప్లాస్టిక్‌దే పెట్టుకో. గ్యాపు మాత్రం బాగా ఇడువు. మన మట్టి సంగతి తెలుసు కదా" అన్నాడు చాచా చివరికి. ఈ ఒక్క మాటే తర్వాత పనికంతా ఆధారమైంది.

హార్డ్‌వేర్ షాపులో తెచ్చినవి: 5 మి.మీ. బోల్టులు పొట్టివి, పొడవువి, ప్లాస్టిక్ రింగు ఉన్న నైలాక్ నట్లు, వాషర్లు, రెండు నైలాన్ బుష్‌లు, ఒక హ్యాక్సా బ్లేడు. 4 మి.మీ. ఎల్ కీ, పానాలు, ఆకురాయి ఇంట్లో ఉన్నవే.

ఆదివారం, ముందు చక్రం

పనికి తోడు మా అక్క కొడుకు వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు, స్పానర్ ఇస్తే వదలడు. వరండాలో బేతంచెర్ల బండల మీద పాత గోనెసంచి పరిచి సైకిల్ నిలబెట్టాం.

ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కు తల వెనక ఒక బోల్టు రంధ్రం ఉంటుంది. గార్డుకి ఉన్న ఎల్ ఆకారం పట్టీ అక్కడ వేలాడాలి. దాన్ని వదులుగా బిగించి, గార్డు ముందు కొస ఫోర్కు దాటి ఒక జానెడు ముందుకు వచ్చేలా జరిపాం. ముందు కొస మరీ పొట్టిగా ఉంటే చక్రం తలమీది నీళ్ళకి అడ్డు ఉండదు.

తర్వాత ఎడమ కడ్డీ. నా సైకిల్‌కి డిస్క్ బ్రేకు. ఫోర్కు కింద గార్డు కడ్డీ కోసం రంధ్రం ఇచ్చారు గానీ, కడ్డీ దానిలోంచి పైకి లేచే దారిలోనే బ్రేకు క్యాలిపర్, అంటే డిస్కుని నొక్కి పట్టే భాగం, కూర్చుని ఉంది. కడ్డీని వంచి చుట్టూ తిప్పొచ్చు, కొందరు అలాగే చేస్తారు. వంచిన కడ్డీ ఎప్పుడూ గార్డుని ఒక పక్కకి లాగుతూ ఉంటుంది. దాని బదులు రంధ్రానికీ కడ్డీకీ మధ్య నైలాన్ బుష్ పెట్టి, 12 మి.మీ. పొడవు బోల్టు బదులు 25 మి.మీ. పొడవుది వేశాం. కడ్డీ క్యాలిపర్ బయటి నుంచి సాఫీగా పోయింది. కుడి పక్క బుష్ అక్కర్లేదు. ఒక పక్క కడ్డీ బయటికి, ఇంకో పక్క లోపలికి ఉండటం చూడ్డానికి వంకరగా ఉంది, నడిపేటప్పుడు ఎవరూ చూడరు.

ఈ సెట్టులో నాకు బాగా నచ్చినది ముందు కడ్డీల చివర ఉన్న ప్లాస్టిక్ క్లిప్పు. మావాడు కడ్డీ పట్టి గట్టిగా లాగగానే టక్కుమని ఊడి చేతికొచ్చింది.

"ఇదేంది మామా, ఇంత తేలిగ్గా ఊడొస్తాంది?"

ఊడి రావడమే దాని పని. మన రోడ్ల పక్కన కంప చెట్లకి కొదవ లేదు. ఒక కంప పుల్ల ముందు టైరుకి అంటుకుని గార్డు కిందికి దూరిందనుకోండి, చక్రం దాన్ని పైకి లాక్కుపోతుంది, గార్డు మడత పడి ఫోర్కు దగ్గర ఇరుక్కుంటుంది, చక్రం ఉన్నపళంగా ఆగిపోతుంది. మనం హ్యాండిల్ మీదుగా ముందుకు పడతాం. క్లిప్పు ఉంటే కడ్డీ ఊడి గార్డు వదులైపోతుంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది. నిండు గార్డు కొనేవాళ్ళు రంగూ ధరా తర్వాత చూడొచ్చు, ముందు ఈ క్లిప్పు ఉందో లేదో చూసుకోవాలి.

గ్యాపు సంగతి. గార్డు పెట్టాక అన్ని చోట్లా ఒకే దూరం ఉందా అని కంటితో చూస్తూ బిగిస్తే ఒక పక్క సరిచేసేలోపు ఇంకో పక్క జారుతుంది. దీనికి మొక్కలకి నీళ్ళు పెట్టే ఆకుపచ్చ పైపు పనికొచ్చింది. దాన్ని వేలెడు ముక్కలుగా కోసి టైరుకీ గార్డుకీ మధ్య మూడు చోట్ల అడ్డంగా దూర్చాం. మా పైపు బయటి కొలత 17 మి.మీ. గార్డుని టైరు మీదికి మెల్లగా నొక్కి పట్టుకుని, పైపు ముక్కలు జారకుండా చూసుకుంటూ, కడ్డీల మీద బిగింపు గుర్తు పెట్టి బోల్టులు బిగించాం. ముక్కలు లాగేస్తే చుట్టూ ఒకే వెలుతురు.

కడ్డీలు కోసే ముందు సీటు మీద కూర్చుని హ్యాండిల్ పూర్తిగా తిప్పి, పెడల్ ముందుకు తెచ్చి, బూటు మొన గార్డుకి తగులుతుందా అని చూశాను. వేలెడు సందు మిగిలింది. చిన్న ఫ్రేము సైకిళ్ళకి ఇక్కడ తగులుతుంది. వేగంగా పోయేటప్పుడు హ్యాండిల్ అంత తిరగదు గనక పర్వాలేదు, కానీ ట్రాఫిక్‌లో ఆగి మలుపు తీసుకునే చోట గుర్తుండాలి.

కోత పని మావాడిదే. గుర్తు దగ్గర హ్యాక్సాతో కోసి, మొన ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, రబ్బరు టోపీ తొడిగాడు. అరగదీయని కడ్డీ మొన పిక్కకి గీసుకుంటే తెలుస్తుంది దాని పదును.

వెనక చక్రం, వారం మధ్యలో

వెనక గార్డు పొడవు, పట్టుకునే చోట్లు ఎక్కువ, అందుకే తలనొప్పి కూడా ఎక్కువ. సీటు కింది గొట్టాల మధ్య అడ్డబద్దకి రంధ్రం ఉంది, అక్కడ ఇబ్బంది లేదు. పెడల్ ఇరుసు వెనక ఉండే అడ్డబద్దకి మాత్రం రంధ్రం లేదు. అక్కడ గార్డుకే రెండు చిన్న రంధ్రాలు వేసి జిప్ టైతో కట్టాం. టై నేరుగా బిగిస్తే గార్డు కొస ముందుకి లాక్కుపోయి టైరుకి దూరమవుతుంది, పైన వంపు పాడవుతుంది. మధ్యలో ఉన్న ఖాళీ నిండేలా పాత హవాయి చెప్పు రబ్బరు ముక్క కోసి పెట్టాం. కదిలినా గలగలమనదు.

గార్డుని ఎక్కడా బలవంతంగా లాగి బిగించకూడదు. బోల్టులన్నీ వదులు చేసినా గార్డు తన చోటు తనే పట్టుకుని ఉండాలి. లాగి బిగించిన గార్డు మొదటి నెల బాగానే ఉంటుంది, ఆ తర్వాత గతుకుల మీద ఊగి ఊగి సరిగ్గా అడ్డబద్ద దగ్గరే పగులుతుంది. ప్లాస్టిక్ గార్డులు పగిలేది ఎక్కువగా అక్కడే. చాచా చెప్పిన ఎండ కారణం దీనికి తోడు.

నాకు వెనక కారియర్ కూడా ఉంది, టిఫిన్ బ్యాగు దాని మీదే. చక్రం దగ్గర ఫ్రేముకి పక్కకొక రంధ్రమే ఇచ్చారు, అదే కారియర్‌కీ అదే గార్డుకీ. బరువు మోసేది ఫ్రేముకి ఆనుకుని ఉండాలి, కాబట్టి కారియర్ కాలు లోపల, గార్డు కడ్డీ దాని బయట, మధ్యలో వాషర్. దానికి పొడవు బోల్టు కావాలి.

కుడి పక్కకి అదే పొడవు బోల్టు వేసి చక్రం చేత్తో తిప్పితే బాగానే తిరిగింది. గేరు మార్చి చైనుని చివరి చిన్న పళ్ళ చక్రం మీదికి తెచ్చాక టిక్ టిక్ మని మొదలైంది. వంగి చూస్తే, బోల్టు మొన రంధ్రం లోపలి నుంచి రెండు చుట్లు బయటికి వచ్చి చైను పక్క పలకకి తగులుతోంది. పైకి చూస్తే కనబడదు, నడిపేటప్పుడు కూడా చివరి గేరులో తప్ప వినబడదు. రోజూ తగిలితే చైను పాడవుతుంది, ఇరుక్కుంటే అంతకన్నా పెద్ద గొడవ. బోల్టు తీసి మొన కోసి, కోసిన చోట మర మళ్ళీ ఆకురాయితో శుభ్రం చేసి వేశాం. ఇప్పుడు మొన రంధ్రంతో సమానంగా ఆగింది. కారియర్, గార్డు రెండూ బిగించేవాళ్ళు కుడి వైపు ఈ ఒక్క చోటు ఫోన్ టార్చి వేసి చూడండి.

ఫ్లాపు

కొన్న గార్డు ముందుది ఎంత పొడవైనా నేలకి చాలా పైనే ఆగుతుంది. మిగతా పని ఫ్లాపుది. పాత నల్ల సైకిళ్ళకి ముందు గార్డు చివర పువ్వు బొమ్మ రబ్బరు ఫ్లాపు ఉండేది గుర్తుందా, అది అలంకారం కాదు, పాదాలు కాపాడేది అదే. మన వంటనూనె ఐదు లీటర్ల డబ్బా పక్కని కోసి చూశాను, గాలికి టపటపమంది. చివరికి పాత లారీ ట్యూబు ముక్క సరిపోయింది. అడుగున వెడల్పుగా, పైన సన్నగా కోసి, నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులో ఆగేలా రెండు చిన్న బోల్టులతో బిగించాను. బోల్టు తల టైరు వైపు, నట్టు బయటి వైపు. తిరగేసి పెడితే మర మొన టైరుని గీస్తుంది.

నాలుగు వేళ్ళ ఎత్తు అంటే స్పీడు బ్రేకర్ల మీద నేలకి రాసుకుంటుంది. రాసుకోనీ, ట్యూబు ముక్కే కదా.

మొదటి గట్టి వాన

సాయంత్రం ఆఫీసు వదిలే వేళకి మబ్బు కమ్మి బాగా దంచింది. వాన తగ్గాక బయల్దేరాను. రాజ్ విహార్ దగ్గర నీళ్ళు నిలిచాయి, ఆటోలు రెండు పక్కలా చిమ్ముకుంటూ పోతున్నాయి. ఇంటికి చేరి చూసుకుంటే ప్యాంటు కుడి కాలు మీద ఆటో చిమ్మిన మచ్చలు ఉన్నాయి, నా చక్రాలు చిమ్మినవి లేవు. చెప్పులు తడిశాయి గానీ ఇసుక లేదు. పెడల్ ఇరుసు దగ్గర గుడ్డతో తుడిస్తే గుడ్డ దాదాపు తెల్లగానే వచ్చింది. చైను నూనె నిలిచి ఉంది. నిరుడు ఇలాంటి వాన తర్వాత ప్రతిసారీ కిరోసిన్‌తో కడగాల్సి వచ్చేది.

ఒక లోపం కనబడింది. తవ్వి పూడ్చిన చోట దాటాక ముందు చక్రం నుంచి గరగరమని చప్పుడు. చిన్న రాళ్ళు, మట్టి గార్డు లోపల ఇరుక్కుని టైరుకి రాసుకుంటున్నాయి. చుట్టూ ఒకే 17 మి.మీ. గ్యాపు కంటికి బాగుంటుంది గానీ పనికి కాదని తేలింది. మట్టి గార్డులోకి దూరేది వెనక కింది కొస నుంచి, బయటపడేది ముందు కొస నుంచి. దూరే చోట సందు తక్కువ, పోనుపోను ఎక్కువ ఉంటే, లోపలికి రాగలిగినది ఏదైనా బయటికి పోగలుగుతుంది. ఆ రాత్రే కింది కడ్డీ క్లిప్పులు వదులు చేసి, వెనక కొసని టైరుకి 12 దాకా దగ్గర చేశాను. ఫోర్కు తల దగ్గర 17 అలాగే ఉంది, దాన్ని పెంచడానికి చోటు లేదు. ముందు కొసని పైకెత్తితే 20 దాటింది. పక్క నుంచి చూస్తే గార్డు కాస్త నోరు తెరిచినట్టుంది. గరగర తగ్గిపోయింది.

బావ వాళ్ళ చేను

ఊళ్ళో రోడ్డు మట్టి వేరు, చేలో రేగడి వేరు. చాచా మాట పూర్తిగా పరీక్షించాలని వాన వెలిసిన మర్నాడు ఊరి బయట బావ వాళ్ళ పత్తిచేను దాకా తొక్కాను. నల్లరేగడిలో ఉండే బంకమట్టి నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం అదే మట్టి చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. తడిసినప్పుడు దేనికి అంటుకుంటే దాన్ని వదలదు.

తారు రోడ్డు దిగి బండ్ల బాటలో కాస్త దూరం పోయానో లేదో చక్రం బరువెక్కింది. ఇంకొంచెం దూరానికి ముందు చక్రం తిరగడం మానేసింది, ఈడ్చుకుంటూ పోతోంది. దిగి చూస్తే ఫోర్కు తల కింద గార్డుకీ టైరుకీ మధ్య మట్టి గట్టిగా దిమ్మిస్ చేసినట్టు పట్టేసింది. పుల్లతో పొడిస్తే పెళ్ళలు పెళ్ళలుగా ఊడొచ్చింది, నాలుగు అడుగులు వెయ్యగానే మళ్ళీ అంతే. వెనక చక్రం కొంచెం మేలు, అక్కడ సందు ఎక్కువ.

బావ గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. "మేము మోటారు సైకిళ్ళకే వానాకాలం ముందు గార్డు పీకి ఇంట్లో పెడ్తాం బావా. నువ్వు సైకిల్‌కి కొత్తగా తగిలించుకొని వచ్చినావా?"

నిజమే, ఈ చుట్టుపక్కల పల్లెల్లో ముందు మడ్‌గార్డు లేని మోటారు సైకిళ్ళు ఎన్నో కనిపిస్తాయి. 17 కాదు, 25 పెట్టినా తడి రేగడికి చాలదని చూశాక అనిపించింది. ఆ మట్టిలో మడ్‌గార్డు ఉన్నా లేకున్నా బ్రేకుల దగ్గరా ఫోర్కు దగ్గరా పట్టేస్తుంది, గార్డు ఉంటే ఇంకా తొందరగా పట్టేస్తుంది, అంతే. తిరుగు దారిలో సైకిల్‌ని తారు రోడ్డు దాకా భుజాన మోసుకొచ్చాను. కారియర్ పట్టుకుని సాయం చేసింది మేనల్లుడే, దారంతా నవ్వుతూ.

ఇంటికొచ్చాక గార్డు లోపలంతా తడి ఆరనిచ్చాం. ఎండిన రేగడిని పెళ్ళలుగా ఊడదీయడం తేలిక, తడిగా ఉన్నప్పుడు కడిగితే పూసుకుంటుంది. ఎండాక లోపలి వైపు కొబ్బరినూనె గుడ్డ రుద్దాను, ఇంకోసారి ఏమవుతుందో చూడాలి. ముందు గార్డు మొత్తం మూడు బోల్టుల మీదే నిలబడి ఉంది కాబట్టి, చేను వైపు పోవాల్సిన రోజు దాన్ని విప్పి ఇంట్లో పెట్టడమే పద్ధతిగా పెట్టుకున్నాను. విప్పడానికి ఒక్క 4 మి.మీ. ఎల్ కీ చాలు. ఫోర్కు తల బోల్టుకి మాత్రం వెనక నట్టు ఉంది, దానికి పానా కూడా కావాలి. అక్కడ రెక్కల నట్టు పెట్టొచ్చా అని ఆలోచిస్తున్నా, అదురుకి వదులవుతుందేమోనని అనుమానం.

మిగిలిన పని

వెనక గార్డుకి ఇంకా ఫ్లాపు లేదు. నా వెనక వచ్చే వాళ్ళ మొహాన నీళ్ళు పడుతున్నాయని మేనల్లుడి ఫిర్యాదు, మొన్న వాడే నా వెనక తొక్కుకుంటూ వచ్చాడు. ట్యూబు ముక్క మిగిలి ఉంది. కుడి వెనక బోల్టు కోసిన మొనకి అప్పుడే ఎర్ర తుప్పు కనబడుతోంది, స్టెయిన్‌లెస్‌ది అదే పొడవులో దొరికితే మార్చాలి. జిప్ టై బదులు అడ్డబద్దకి చుట్టే రబ్బరు పూత పట్టీ వేద్దామని ఉంది, హార్డ్‌వేర్ షాపులో చెప్పి పెట్టాను, సోమవారం రమ్మన్నాడు.